ఫెండర్ అంచు కోయకండి, మడవండి

మిర్యాలగూడ అన్నా, మీ ప్రీమియర్ పద్మిని కారుకి వెడల్పు టైర్లు వేశాక, వెనక ఇద్దరు కూర్చుంటే స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) టైరుకు గీరుతోందన్నారు కదా. దయచేసి అంచును గ్రైండర్‌తో కోయించకండి. బయటి రేకు, లోపలి రేకు కలిసే స్పాట్ వెల్డింగ్ అక్కడే ఉంటుంది. అతుకు విడిపోతే నీళ్లు దిగి తుప్పు పడుతుంది.

ముందు టైరును చేత్తో తడమండి. బయటి భుజం మీద గీత ఉంటే అంచు తగులుతున్నట్టే. లోపలి వైపు ఉంటే కమాన్ పట్టీలకు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) రాసుకుంటోంది, అంచు మడిచినా లాభం లేదు. పట్టీలు పాతబడి కుంగాయేమో కూడా చూడండి, అదైతే ముందు అదే బాగుచేయించాలి.

అంచును లోపలికి మడిచే ముందు గుడ్డ చుట్టిన అయస్కాంతం అంచు చుట్టూ తిప్పండి. అంటుకోని చోట పుట్టీ ఉంది, అక్కడ పెచ్చులూడుతుంది. నల్లగొండలో నా బండికి మే నెల ఎండలో చేయించినా హీట్ గన్ వాడాం. పెయింట్ వెచ్చగా లేకపోతే పగులుతుంది. చక్రం విప్పి హబ్‌కు (చక్రం బోల్టులు బిగించే చోటు) బిగించే రోలర్‌తో కొంచెం కొంచెంగా, నాలుగైదు విడతల్లో తిప్పించండి. ఒకేసారి నొక్కితే ఫెండర్ బయటికి అలలు తేలుతుంది. చివర్లో మడతలో సీలర్, దానిపై తుప్పు పట్టనివ్వని పెయింట్ తప్పనిసరి.