రాత్రి లేవడం చలి వల్లేనా?

తమ్ముడూ, కాజీపేట నుంచి వచ్చి మూడు నెలలు కాలేదు, రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తున్నాను, డాలస్ చలి పడలేదేమో అని రాశావు. 2009లో నేనూ ఇలాగే సర్దిచెప్పుకున్నాను.

నాది హనుమకొండ. అప్పట్లో డాలరు 48 రూపాయల దగ్గర ఉండేది. ఏది కొన్నా 48తో గుణించి చూసుకోవడం నా అసలు జబ్బు. అర్ధరాత్రి నోరు పిడచకట్టుకుపోయి మెలకువ వచ్చేది. హీటరు గాలి అనుకున్నాను. చవకగా దొరికిందని తెచ్చిన నారింజ రసం డబ్బా ఎత్తి గటగటా తాగేవాణ్ని. గంటకల్లా బాత్రూము, మళ్లీ దాహం. రక్తంలో చక్కెర హద్దు దాటితే మూత్రపిండాలు దాన్ని నీళ్లతో సహా బయటికి తోసేస్తాయట. నేనేమో పైనుంచి ఇంకాస్త తీపి పోస్తున్నాను! అరికాళ్లు మండుతుంటే దుప్పటి తీసి చల్లటి గోడకు ఆనించేవాణ్ని. ఫోనులో అమ్మ ఒక్కటే అడిగింది: "బాత్రూములో చీమలు పడుతున్నాయారా?" మా తాతకు షుగరుందని ఇంట్లో అలాగే పసిగట్టారు. కార్పెట్టు పరిచిన మూడో అంతస్తులోకి చీమలెక్కడివని నవ్వాను.

డాక్టరు ఫీజుకు వెనకాడాను, అంతే. చివరికి చూపు మసకబారి ఎమర్జెన్సీకి వెళితే షుగరని తేలింది. వచ్చిన బిల్లును 48తో గుణించే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

రాత్రి లేచిన ప్రతివాడికీ షుగరు ఉండదులే. పొద్దుపోయాక తాగే టీ కావచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. తేల్చేది రక్తపరీక్షే. పరగడుపున 126 గానీ, ఏ1సీ (రెండు మూడు నెలల చక్కెర సగటు చూపే పరీక్ష) 6.5 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరు మరోసారి పరీక్షించి ఖాయం చేస్తారు. ఆ డాక్టరు నీ ఇన్సూరెన్సు నెట్‌వర్కులో ఉన్నారో లేదో ముందే కనుక్కో. మిగతా నిబంధనలు పాలసీలో ఉంటాయి. వాంతులు, ఆయాసం మొదలైతే మాత్రం లెక్కలు కట్టకుండా ఆసుపత్రికి వెళ్లు.

ఈమధ్య నాకు తిరకాసు ఎదురైంది. షుగరు మాత్ర వేసుకుని, అన్నం తినకుండా పడుకున్నాను. రెండింటికి బనియను తడిసి ముద్దయి, చేతులు వణుకుతూ లేచాను. మీటరులో 58, అంటే చక్కెర బాగా పడిపోయింది. నాలుగు చక్కెర పొట్లాలు నోట్లో పోసుకుని, పావుగంట ఆగి మళ్లీ చూసుకున్నాను. గ్లూకోజు బిళ్లలు కొనుక్కోమంటారు కానీ, కాఫీ కొట్లో ఆ పొట్లాలు ఊరికే ఇస్తారు తమ్ముడూ.