గురువారం పేపర్లో ఆదివారం స్కోరెందుకు?

చిరంజీవి అమ్మలూ,

నువ్వు పంపిన రగ్బీ లీగ్ పేజీలు నాలుగూ చూశాను. అన్నిటిలో ఒకటే వరస: పైన మ్యాచ్ రిపోర్టు, పక్కన కోచ్ మాటలు, కింద టికెట్ల ధరలు. ఇంగ్లండ్‌లో మీ ఊరి జట్టు వేక్‌ఫీల్డ్ ట్రినిటీ ఆదివారం ఆడితే మీ వారపత్రిక వచ్చేది గురువారం. అప్పటికి స్కోరు తెలియని అభిమాని ఊళ్లో మిగలడు. రిపోర్టును 200 మాటలకు కత్తిరించు. ట్రైలు (బంతిని గోల్‌లైన్ అవతల నేలకు ఆనించడం) ఎవరివి, ఎన్నో నిమిషంలో, ఎవరికి దెబ్బ తగిలింది, అంతే.

మిగిలిన జాగాలో ఒక్క సెట్‌ను, అంటే ఎదుటివాళ్లు ఆరుసార్లు పట్టి ఆపేదాకా (ఆరు ట్యాకిళ్లు) బంతి ఒక జట్టు దగ్గరుండే వరసను, బొమ్మ గీసి చూపించు. వీడియో ఆపి ఆపి చూస్తూ ఆరు ట్యాకిళ్లకూ మూడేసి సంగతులు రాసుకో: బంతి ఎవరు పట్టుకెళ్లారు, ఎన్ని మీటర్లు కదిలింది, డమ్మీ హాఫ్ (ట్యాకిల్ అయ్యాక వెనక నిలబడి బంతి అందుకునేవాడు) ఎటు విసిరాడు. ట్రై పడిన సెట్టే కానక్కర్లేదు. సొంత గోల్‌లైన్ దగ్గర మొదలై, ఐదో ట్యాకిల్ అయ్యేసరికి కూడా 30 మీటర్లు దాటలేక బంతిని తన్నేసిన సెట్ వేశావనుకో, ఎందుకు ఓడారో పాఠకుడే చెప్పేస్తాడు. బాణాలు మాత్రం ఆరుకు మించనివ్వకు. గజిబిజిగా ఉంటే పేజీ తిప్పేస్తారు.

కోచ్ మాటలు చప్పగా ఉన్నాయంటే తప్పు ప్రశ్నది. "ఎలా ఆడారు?" అంటే "కుర్రాళ్లు ప్రాణం పెట్టారు" అనే అంటాడు. "52వ నిమిషంలో హుకర్‌ను ఎందుకు బయటికి పిలిచారు?" అని అడుగు (ఎక్కువగా డమ్మీ హాఫ్‌గా ఉండేది హుకరే). ఫొటోలూ అంతే. మన జిల్లా పేజీల్లో ఎమ్మెల్యే కొబ్బరికాయ కొట్టే ఫొటో ఎలాగో, అక్కడ ట్రై కోసం దూకే ఫొటో అలాగ. ట్యాకిల్ విడిపోయాక లేచే మనిషి మోచేతుల మీది బురదను దగ్గరగా తియ్యమను.

వీల్‌చైర్ జట్టుకి ఏడాదికోసారి చోటిస్తే లాభం లేదు. మొదటిసారి నియమాలు చిన్న బాక్సుగా వెయ్యి: జట్టుకి ఐదుగురు, ఆడామగా కలిసే ఆడతారు, భుజం మీది ట్యాగ్ లాగేస్తే ట్యాకిల్ అయినట్టు, గోల్‌కి బంతిని పిడికిలితో కొడతారు. ఆ తర్వాత నుంచి మామూలు మ్యాచ్‌లాగే రాయి. పాస్ తప్పితే తప్పిందని రాయి. "స్ఫూర్తిదాయకం" అన్న మాట పడిందంటే ఆట చూడకుండా రాశారనే లెక్క. 2022లో జరిగిన వీల్‌చైర్ ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ 28-24తో ఫ్రాన్స్‌ను ఓడించింది. ఆ ఉత్కంఠ జాలి మాటల్లో ఇమడదు. మహిళల జట్టుకీ ఇదే సూత్రం.

డబ్బు సంగతి వదలకు. బ్రిటన్‌లో కంపెనీలు నమోదయ్యే కంపెనీస్ హౌస్ సైట్‌లో క్లబ్ కంపెనీ లెక్కలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. చిన్న కంపెనీ అయితే లాభనష్టాల ఖాతా కనబడకపోవచ్చు. అప్పుడు ఏడాదిలోగా తీర్చాల్సిన బాకీల వరుస చూసి, నిరుటి అంకె పక్కన పెట్టుకో. అచ్చు వెయ్యడానికి రెండు రోజుల ముందే ఆ అంకెలు క్లబ్‌కు పంపి జవాబు అడుగు. ఇది చెయ్యకపోతే వార్త నిజమైనా ప్రెస్ బాక్సులో నీ ముఖం చూసేవాడుండడు.

పాత రోజుల శీర్షికంటే అందరూ 1968లో లండన్ వెంబ్లీ స్టేడియంలో లీడ్స్‌తో ఆడిన ఛాలెంజ్ కప్ ఫైనలే పట్టుకుంటారు. నీళ్లు నిలిచిన పిచ్, చివరి క్షణంలో ట్రై, గోల్‌పోస్టుల ఎదురుగానే మన వేక్‌ఫీల్డ్ ఆటగాడు డాన్ ఫాక్స్ తప్పిన కిక్, 11-10తో లీడ్స్ గెలుపు. ఆరోజు ఉత్తమ ఆటగాడి లాన్స్ టాడ్ ట్రోఫీ ఆయనకే వచ్చిందన్నది మాత్రం చివరి వాక్యంలోకి జారిపోతుంది. నువ్వు అక్కడి నుంచి ఎత్తుకో. తర్వాత ఇప్పటి కిక్కర్‌ను వాన పడ్డ రోజున ప్రాక్టీసులో పట్టుకుని, ఆనించే కాలు ఎప్పుడు జారుతుందో, అడుగులు ఎంత కుదిస్తాడో అడుగు.

అన్నీ ఒకే వారం కుక్కకు. వారానికొకటి చాలు. బొమ్మతో మొదలుపెట్టు, పేజీ నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న