జనవరిలో రాంబూటాన్ ఆకు మాడితే పీకేయకండి

"గజపతినగరం దగ్గర మా పెరట్లో రెండు రాంబూటాన్లు (లిచీలాంటి పండ్ల చెట్లు), ఒక కోకో (చాక్లెట్ గింజల చెట్టు) వేశాం. జనవరిలో ఆకులు నల్లబడి రాలిపోతున్నాయి. మన చలికి ఇవి బతకవా, పీకేయమంటారా?" అని అడిగారు. పీకొద్దు. నేనలా తొందరపడే ఒక మొక్కని పోగొట్టుకున్నాను.

మాది ఉద్దానం, కవిటి వైపు. ఇంటి వెనక కొబ్బరిచెట్ల కింద కోకో, రెండు రాంబూటాన్లు, ఒక మిరియాల పాదు ఉండేవి. నాలుగు చలికాలాలు చూశాయి, వాటికేమీ కాలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకి కొబ్బరిచెట్లు చాలా మటుకు కూలిపోయాయి. మిరియాల పాదు తను పాకిన చెట్టుతోనే పోయింది. మిగిలినవాటికైనా ఇక ఎండ బాగా తగులుతుందిలే అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. ఆ జనవరిలోనే మొదటిసారి ఆకులు మాడాయి. చలి ఏటా ఉన్నంతే ఉంది. లేనిది నెత్తిన కొబ్బరి కమ్మల కప్పు.

గాలి ఆడని, మబ్బు లేని రాత్రి నేల వేడి, ఆకు వేడి నేరుగా ఆకాశానికి పోతాయి. అందుకే ఆరుబయట ఆకు చుట్టూ ఉన్న గాలికంటే కూడా ఎక్కువ చల్లబడుతుంది. మంచు ముందు దానిమీదే పడుతుంది. పైన చెట్టుంటే ఆ వేడి కొంత కిందే నిలుస్తుంది. ఈ మొక్కలు బాగా పెరిగే కేరళ తీరంలో రాత్రి వేడి 20 డిగ్రీల కిందికి దిగడమే అరుదు. అక్కడి వాతావరణానికి అలవాటైన లేత మొక్కకి మన పుష్యమాసం కష్టమే. నర్సరీలో షేడ్‌నెట్ (నీడ కోసం కట్టే వల) కింద పెరిగిందైతే మరీను.

అందుకని మొక్కకి మూడు వైపులా అరటి పిలకలు నాటండి, తూర్పు వదిలేయండి. అవి ఎదిగేదాకా నాలుగు కర్రలు పాతి పైన కొబ్బరి కమ్మలు పరవండి. మా ఇంట్లో పాత చీర కూడా కట్టాం, పగలు తీసేసేవాళ్లం. బట్టయినా పట్టాయైనా ఆకుకి తగలకుండా చూసుకోండి. నీళ్లు సాయంత్రం కాదు, పొద్దున్నే పోయండి. చలికాలం తెల్లారి నూతి నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి కదా, అవి వేళ్లకి మంచివి. మొదలు ఎండిపోనివ్వకండి. కార్తీకం దాటాక యూరియా వేయొద్దు. దానికొచ్చే లేత చిగురే ముందు మాడుతుంది.

ఇప్పుడు మాడిన కొమ్మల్ని కత్తిరించకండి, శివరాత్రి దాటనివ్వండి. మొదలు దగ్గర బెరడుని గోటితో కాస్త గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. నేను గీకి చూడకుండా పీకిన మొక్క వేళ్లు తెల్లగా, పచ్చిగా ఉన్నాయి. రెండోదాన్ని అలా వదిలేస్తే ఉగాదికి మొదట్లోంచి చిగురేసింది.