ముహూర్తం 1.40కి, సౌండ్ పదికే బంద్

చెల్లెలి పెళ్ళికి బరంపురంలో మండపం మాట్లాడుకుంటే రాత్రి పదికల్లా పాటలు ఆపేయాలన్నారట. లైవ్ మ్యూజిక్ పెట్టించడం దండగేనా అని మీ ప్రశ్న. దండగేమీ కాదు. కానీ ముందు ముహూర్తం ఎన్నింటికో చూసుకోండి.

మాదీ ఒడిశానే, ఆంధ్రా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడి. రెండేళ్ళ కిందట మా అమ్మాయి పెళ్ళికి పంతులుగారు పెట్టిన ముహూర్తం రాత్రి 1.40. సన్నాయి మేళం ఎలాగూ ఉంది, అది చాలదని మావాడు మెలోడీ పార్టీని కూడా కుదిర్చాడు. ఆర్గాను, ప్యాడ్, ఇద్దరు సింగర్లు, నిలువెత్తు బాక్సులు నాలుగు. ఎనిమిదికి రావాల్సినవాళ్ళు తొమ్మిదిన్నరకు దిగి, ‘హలో, చెక్, చెక్’ అంటూ అరగంట తినేశారు. మూడో పాటలో ఉండగా పోలీసులు వచ్చారు. మండపం వెనక సందులోనే ఆసుపత్రి. మేనేజరు మాత్రం ఏమీ ఎరగనట్టు, ‘రసీదు వెనక రాసే ఉంది కదండీ’ అన్నాడు. తిప్పి చూస్తే నిజంగానే ఉంది, చీమ తలకాయంత ఒడియా అక్షరాల్లో.

బాక్సులు ఆగేసరికి హాలు మూగబోయింది. మా వియ్యంకుడుగారు నా దగ్గరకొచ్చి, ‘బావగారూ, ఇది పెళ్ళా, పరామర్శా?’ అన్నారు. మా బావమరిదేమో, ‘పక్కనే పాతపట్నం, అక్కడ పెట్టుంటే ఆంధ్రా, ఎవడడిగేవాడు’ అని మొదలెట్టాడు. ఎవడేమిటి, అక్కడా అదే రూలు. 2000లో కేంద్రం తెచ్చిన నిబంధనలవి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులే కాదు, డప్పులూ వాయిద్యాలూ కూడా బంద్. ఏడాదిలో 15 రోజులు అర్ధరాత్రి దాకా సడలింపు ఉంటుందని ఎవరో ఒకరు చెబుతారు, నమ్మకండి. అది పండగలకీ ఉత్సవాలకీ ప్రభుత్వం ఇచ్చేది, మీ చెల్లెలి పెళ్ళికి కాదు.

అయితే నాలుగు గోడల మధ్య, తలుపులు మూసిన హాల్లో, లోపలివాళ్ళ వరకే వినిపించేదానికి ఆ రూల్లోనే మినహాయింపు ఉంది. ఆ మాట చెప్పింది వచ్చిన పోలీసాయనే, మా లడ్డూ తింటూ. బయట పందిట్లో కట్టిన పెళ్ళివేదికను అప్పటికప్పుడు హాల్లోకి మార్చాం. డోలు వాయించే ఆయన డెబ్భై ఏళ్ళ మనిషి. వేళ్ళ తొడుగులు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకుని, డోలు మీద తడి తువ్వాలు కప్పి, వట్టి వేళ్ళతో మొదలుపెట్టాడు. 1.40కి జీలకర్ర బెల్లం పెట్టే వేళ పంతులుగారు చెయ్యి ఊపితే, ఆ గట్టిమేళం గుసగుసగా మోగింది. అయినా చివరి వరసలో ఉన్న మా అత్తగారికి వినపడింది, ఆవిడకు ఒక చెవి పని చెయ్యదు. మైకు వచ్చాకే సన్నాయి పాడైందని నేను ఎప్పటినుంచో అంటున్నా, ఎవరూ వినరు.

ఇంతా చేస్తే, పెరట్లో మండపంవాళ్ళ జనరేటరు తెల్లారేదాకా దడదడలాడుతూనే ఉంది. ఫోన్లో యాప్ పెట్టి చూస్తే 80 దాటింది. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. దాన్ని మాత్రం ఎవరూ ఆపరు.

మీరు మెలోడీ కావాలనుకుంటే పెళ్ళి రాత్రికి కాదు, ముందురోజు సాయంత్రం పెట్టుకోండి. మైకుకి రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోండి, మండపంవాడి నోటిమాట కుదరదు. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర అని బేరమప్పుడే కాగితం మీద రాయించండి, ఆలస్యంగా వస్తే ఎంత కోస్తారో కూడా. నేను రాయించలేదు. రెండున్నర పాటలకు మొత్తం డబ్బూ కట్టాను, ఆ మిగిలిన అరపాటైనా వాళ్ళు పాడలేదు.