మాటలు ఆలస్యమైతే ఆగి చూడవచ్చా?

ప్రశ్న: మా బాబు నెలలు నిండకుండా 32వ వారంలోనే పుట్టాడు. ఇప్పుడు 20 నెలలు. పోయిన నెలలోనే నడక వచ్చింది. ‘అమ్మ’ తప్ప మరో మాట పలకడు. వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయని, కంగారు పడవద్దని మా అత్తగారు అంటున్నారు. ఆగి చూడవచ్చా?

జవాబు: నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎదుగుదలను రెండేళ్లు వచ్చేవరకు పుట్టిన రోజు నుంచి కాక, కాన్పు కావలసిన తేదీ నుంచి లెక్కిస్తారు. ఆ లెక్కన మీ బాబుకు 18 నెలలు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే కొందరు 18వ నెల దగ్గరపడే వరకు సొంతంగా నడవరు కాబట్టి, ఒక కాలు ఈడ్చడం, ఎప్పుడూ మునివేళ్ల మీదే నడవడం వంటివి లేకపోతే నడక గురించి దిగులు అక్కరలేదు.

మాటల విషయంలో మాత్రం ఆగమని చెప్పలేను. తండ్రి పోలిక నిజమే కావచ్చు; కానీ ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో ఎవరు తమంతట తామే పుంజుకుంటారో ఈ వయసులో ముందే తేల్చలేము.

పలికే మాటల కన్నా ముందు మరికొన్ని గమనించండి. తనకు నచ్చినదాన్ని మీకు చూపించాలని వేలు పెట్టి చూపుతాడా? పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? ‘బంతి తీసుకురా’ అంటే తెస్తాడా? ఇది పరీక్షించేటప్పుడు మీరు బంతి వైపు చూడకండి, చెయ్యి చాపకండి. పిల్లలు మన చూపును పట్టుకుని పని చేసేస్తారు, మాట అర్థమైందని మనం పొరబడతాం.

మొదట చేయించవలసింది వినికిడి పరీక్ష. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతున్నంత మాత్రాన మాటలోని సన్నని ధ్వనులు కూడా వినిపిస్తున్నాయని అనుకోకూడదు. పుట్టినప్పటి పరీక్షలో బాగానే ఉందన్నా, నెలలు తక్కువగా పుట్టిన బిడ్డకు మళ్లీ చేయించడమే మేలు. ఆ తర్వాత పిల్లల వైద్యులు ఎం-చాట్ వంటి ప్రశ్నావళితో ఆటిజం ఛాయలున్నాయేమో చూస్తారు. అది కేవలం వడపోత. అందులో అనుమానం వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. కదలికలు, చేతి పని, భాష, నలుగురితో మెలగడం, ఆలోచన అన్నీ విడివిడిగా చూసే పూర్తి అంచనా వేరే ఉంటుంది. అవసరమైతే, రోగనిర్ధారణ తేలేదాకా ఆగకుండానే స్పీచ్ థెరపీ మొదలుపెట్టవచ్చు.

వచ్చిన మాట గాని, చేష్ట గాని మానేస్తే మాత్రం ఏ వయసులోనైనా వెంటనే చూపించాలి. వైద్యుల దగ్గరకు వెళ్లేటప్పుడు కాన్పు నాటి డిశ్చార్జి కాగితాలతో పాటు, బాబు ఇంట్లో తన ధ్యాసలో తాను ఆడుకుంటున్నప్పటి వీడియో కూడా తీసుకువెళ్లండి; కొత్త చోట బిగుసుకుపోయే పిల్లల విషయంలో అది ఎంతో ఉపయోగపడుతుంది.