ఆ క్షమాపణ వాక్యం కొట్టేయమ్మా

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ పరిశోధన రాతప్రతి రాత్రి రెండుసార్లు చదివాను. కబడ్డీ ఆడే పదకొండుమంది అమ్మాయిలతో, దెబ్బలు ఎందుకు దాస్తారని అంత ఓపిగ్గా మాట్లాడి, చివర్లో "పదకొండుమందే కాబట్టి వీటిని సాధారణీకరించలేం" అని, అంటే వీళ్ల దగ్గర తెలిసింది మిగతావాళ్లకి వర్తిస్తుందనలేమని, రాశావు. అది కొట్టెయ్యి. నూటికి ఎంతమంది దెబ్బలు దాస్తున్నారో లెక్క తేల్చాలంటే పెద్ద శాంపిల్ కావాలి, నిజమే. నువ్వు అడిగింది ఎందుకు దాస్తున్నారని కదా! సాధారణీకరణ ఒక్క రకమే కాదని క్రీడాశాస్త్ర పరిశోధకులకి బ్రెట్ స్మిత్ అనే పరిశోధకుడు 2018లోనే వివరంగా చెప్పాడు.

మూడో పేజీలో అమ్మాయిని చూడు. అందరికంటే ముందే గ్రౌండుకొచ్చి, గోడవైపు తిరిగి మోకాలికి కట్టు కట్టుకుని, పైన నీక్యాప్ తొడుక్కుంటుంది. నీక్యాప్ అందరికీ ఉండేదే, కింద కట్టు ఎవరికీ కనపడదు. "నొప్పంటే కూతకి పంపరు మేడం, హాస్టల్ సీటు కూడా పోద్ది" అంటుంది. నెల్లూరులో ఏ కోచో ఇది చదివితే, తన టీములో రోజూ ముందొచ్చే పిల్ల చప్పున గుర్తొస్తుంది. చదివింది ఇలా తన అనుభవంతో పోల్చుకోవడాన్నే పరిశోధన పద్ధతుల మీద రాసిన రాబర్ట్ స్టేక్ సహజ సాధారణీకరణ అన్నాడు.

అయితే, ఒకచోట తెలిసింది ఇంకోచోట పనికొస్తుందా లేదా అని తేల్చుకోవాల్సింది చదివేవాళ్లు. అందుకు కావలసిన సరుకు ఇవ్వాల్సింది నువ్వు. పరిశోధన పద్ధతుల మీదే రాసిన లింకన్, గూబా 1985లో ఈ మాటే చెప్పారు. నీ ప్రతిలో ఆ సరుకు తక్కువైంది. ఆడేది మట్టిలోనా, మ్యాట్ మీదా? సీటు ఎవరి చేతిలో ఉంది? ఫిజియో ఉన్నారా? ఇవేవీ లేవు.

చోటు పోతుందన్న భయమే నొప్పిని దాయిస్తుందన్నది నీ అసలు ఆలోచన. దాన్ని కూచిపూడి నేర్చుకునే పిల్లల దగ్గరకి తీసుకెళ్లి అడిగి చూడు. అక్కడ నిలబడకపోతే, ఎందుకు నిలబడలేదో రాయి.

"ఆంధ్రా అమ్మాయిలు" అని మొదలైన వాక్యాలు నాలుగున్నాయి, వాటినీ దిద్దు. తొలిరోజుల్లో నేనూ వాకింగ్‌కొచ్చే ఆరుగురు ఆడవాళ్లతో మాట్లాడి "మన ఆడవాళ్లు" అని రాసేశాను. కూలికెళ్లే ఒకావిడ "మా సంగతి ఎవర్నడిగి రాశారండీ?" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంకొకటి. కట్టు సంగతి అంత వివరంగా ఉంటే వాళ్ల కోచ్ ఆ పిల్లని గుర్తుపట్టేస్తాడేమోనని నా భయం. అచ్చుకి పంపేముందు ఆ పేజీ ఆమెకి చదివి వినిపించు. వద్దంటే తీసెయ్యి.