ఇంట్లోని రాస్ప్‌బెర్రీ పైలోకి బయటి నుంచి సురక్షితంగా లాగిన్ అవడం ఎలా?

రౌటర్‌లో 22వ పోర్టు (దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ వాడే దారి) తెరిచి రాస్ప్‌బెర్రీ పై అనే ఆ చిన్న కంప్యూటర్ బోర్డుకు మళ్లిస్తే సరిపోతుందా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. తెరిచిన పోర్టును బాట్లు (తమంతట తామే వెతికే ప్రోగ్రాములు) ఇట్టే పసిగట్టి పాస్‌వర్డులు ప్రయత్నిస్తూనే ఉంటాయి. 2016లో మిరాయ్ మాల్‌వేర్ లక్షల కెమెరాలను, రౌటర్లను లొంగదీసుకున్నది ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే.

దాని బదులు వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోండి. అది రెండు పరికరాల మధ్య రహస్య దారి, అంటే టన్నెల్, కడుతుంది. సరైన కీ (పాస్‌వర్డ్‌కు బదులుగా వాడే రహస్య కోడ్) లేని ప్యాకెట్‌కు అది అసలు జవాబే ఇవ్వదు, కాబట్టి వెతికేవాళ్లకు అక్కడేదో ఉందనే తెలియదు. మన దగ్గర చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగలిగే చిరునామా) రాదు. అలాంటప్పుడు చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకుని, బోర్డు నుంచే దానికి టన్నెల్ కట్టించాలి; బయటి నుంచి మీరు ఆ సర్వర్ ద్వారానే బోర్డుకు చేరతారు. వైర్‌గార్డ్‌లో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ (వాడకం లేకున్నా అప్పుడప్పుడు ప్యాకెట్ పంపే సెట్టింగ్) 25 సెకన్లు పెడితే రౌటర్ మధ్యలో దారి మూసేయదు.

టన్నెల్ లోపల కూడా ఎస్‌ఎస్‌హెచ్‌కు పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయండి. దాని బదులు ఫోన్‌కో కీ, ల్యాప్‌టాప్‌కో కీ ఇవ్వండి. ఫోన్ పోతే ఆ ఒక్క కీ తీసేస్తే చాలు.